కార్డు వెనక పది అంకెలు

మెడలో వేలాడుతున్న ఆఫీసు కార్డును ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. ఓ మూల సన్నటి అచ్చులో 0012345678 188,24910 లాంటి అంకెలు కనిపిస్తే, మీ ఆఫీసు తాళం చెవి ఆ అంకెలే. కార్డు వాటిని మోసుకుతిరిగే ప్లాస్టిక్ ముక్క, అంతే.

అవి రెండు వేర్వేరు నంబర్లు కావు. 188ని 65,536తో హెచ్చవేసి 24,910 కలపండి, 1,23,45,678 వస్తుంది. ఎడమ పక్కనున్న పది అంకెలదీ, కుడి పక్క కామాతో ఉన్నదీ ఒకే సంఖ్య, రెండు రకాలుగా అచ్చువేశారు. గోడ మీది రీడరు, తలుపు తెరవాలో వద్దో తేల్చే లోపలి కంట్రోలరుకు పంపేదీ ఇదే, సున్నాలూ ఒకట్లుగా (బిట్లంటే అవే): 8 బిట్లలో 188, 16 బిట్లలో 24,910, అటొకటి ఇటొకటి తప్పు పట్టుకోవడానికి పెట్టే పారిటీ బిట్లు. మొత్తం 26. కార్డు రీడరుకు చెప్పేదాంట్లో మీ పేరు లేదు, ఫొటో లేదు, రహస్యమంటూ ఏదీ లేదు. మీ కార్డు వెనక వైపు ఫోనుతో ఫొటో తీసుకున్నవాడు, కార్డును ముట్టుకోకుండానే దానికి నకలు చేసుకోవచ్చు. సాయంత్రం నాలుగింటికి మన విశాఖ రుషికొండ ఐటీ హిల్స్ కింద టీ బండి దగ్గర నిలబడితే చాలు. ట్యాగు మెలితిరిగి కార్డు వెనక వైపే లోకానికి చూపిస్తున్నవాళ్లు ఎంతోమంది కనిపిస్తారు. కొత్త ఉద్యోగంలో చేరిన సంబరంలో ఐడీ కార్డును అరచేతిలో పెట్టుకుని నెట్‌లో ఫొటో పెట్టేవాళ్ల సంగతి సరేసరి.

ఈ రకాన్ని మన దగ్గర ఈఎం కార్డు అంటారు. 125 కిలోహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. లోపల బ్యాటరీ ఉండదు. సన్నటి రాగి తీగ చుట్ట, దాని కొసన ఆవగింజంత చిప్పు. రీడరు అయస్కాంత క్షేత్రంలోకి రాగానే చుట్టలో కరెంటు పుడుతుంది, చిప్పు మేలుకుని తన 64 బిట్లను వల్లించడం మొదలుపెడుతుంది. మొదట తొమ్మిది ఒకట్లు, తర్వాత 40 బిట్ల నంబరు, దాని మధ్యమధ్య పారిటీ బిట్లు 14, చివర ఒక సున్నా. క్షేత్రంలో ఉన్నంతసేపూ అదే పాట. అడుగుతున్నది ఆఫీసు రీడరా, పక్కన నిలబడ్డవాడి సంచిలోని రీడరా అని చూడదు. టీ5577 అనే ఖాళీ ట్యాగు, చేతిలో ఇమిడే రైటరు ఉంటే నకలుకు నిమిషం పట్టదు. ఇనప తాళానికి మారు చెవి చేయించాలంటే దానికంటే ఎక్కువసేపు బల్ల ముందు నిలబడాలి.

ఇందులో ఇంకో తమాషా ఉంది. కార్డులోని నంబరు 40 బిట్లు, రీడరు పంపేది అందులో చివరి 24. అంటే 1,67,77,216 రకాలు మాత్రమే. మిగతా 16 బిట్లు ఎలా ఉన్నా కంట్రోలరుకు తెలియదు, అందుకే ఫొటోలో కనిపించని భాగం గురించి దొంగ బెంగపెట్టుకోనక్కర్లేదు.

ఇది చెప్పగానే వచ్చే జవాబు: “మావి ఈఎం కార్డులు కాదండీ, స్మార్ట్ కార్డులు.” మంచిదే. 13.56 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే మైఫేర్ కార్డుల్ని మన వెండర్లు అలాగే పిలుస్తారు. వాటిలో బాగా చెలామణిలో ఉన్నది మైఫేర్ క్లాసిక్ 1కే. 16 సెక్టార్లు, ఒక్కో సెక్టారులో 16 బైట్ల చొప్పున నాలుగు బ్లాకులు, ప్రతి సెక్టారుకీ 48 బిట్ల రహస్య కీలు రెండు. కాగితం మీద చూస్తే కట్టుదిట్టంగానే ఉంటుంది. కానీ 2007 డిసెంబరులో బెర్లిన్‌లో జరిగిన కేయాస్ కమ్యూనికేషన్ కాంగ్రెస్ అనే హ్యాకర్ల సదస్సులో పరిశోధకులు కార్స్టెన్ నోల్, హెన్రిక్ ప్లోట్స్ ఆ చిప్పును పొరలు పొరలుగా అరగదీసి, మైక్రోస్కోపు కింద లోపలి సర్క్యూట్‌ను చదివి చూపించారు. మరుసటి ఏడు నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయం వాళ్లు మిగిలిన గుట్టంతా విప్పారు. అచ్చు వేయకుండా ఆపమని చిప్పు తయారీదారు ఎన్ఎక్స్‌పీ కోర్టుకెక్కితే, 2008 జులైలో డచ్ కోర్టు కుదరదంది. లండన్ బస్సుల్లో, రైళ్లలో వాడే ఆయిస్టర్ కార్డు అప్పట్లో ఈ చిప్పు మీదే నడిచేది, తర్వాత మార్చుకున్నారు. క్లాసిక్‌కు అనుకూలంగా షాంఘై ఫుడాన్ కంపెనీ చేసే ఒక రకం చిప్పులో, అన్ని కార్డులకూ పనిచేసే దొడ్డిదారి కీ ఉందని 2024లో క్వార్క్స్‌ల్యాబ్ అనే భద్రతా సంస్థ బయటపెట్టింది. గట్టి రకమని చెప్పి దించిన చిప్పు అది.

అయినా మన ఆఫీసుల్లో క్లాసిక్ కీలను ఛేదించాల్సిన అవసరం దొంగకు చాలాసార్లు రాదు. రీడరు ఆ కీల జోలికే పోదు. కార్డు క్షేత్రంలోకి రాగానే ఎవరడిగినా చెప్పే క్రమసంఖ్య ఒకటుంటుంది, దాన్ని యూఐడీ అంటారు. రీడరు దాన్ని చదివి, కత్తిరించి, మళ్లీ ఆ పాత 26 బిట్లలోనే పంపేస్తుంది. 16 సెక్టార్లూ, 32 కీలూ ఫ్యాక్టరీలో ఎలా ఉన్నాయో అలాగే, అన్నీ ఎఫ్ అక్షరాలతో, పడి ఉంటాయి. కొందరు ఇంకో అడుగు ముందుకేసి మైఫేర్‌లోనే పై రకమైన డెస్‌ఫైర్ కార్డులు కొంటారు. ఈఎం కార్డు పదుల రూపాయల్లో దొరికితే ఇది అనేక రెట్లు ఎక్కువ. 128 బిట్ల ఏఈఎస్ అనే గట్టి రహస్య సంకేత పద్ధతి ఉన్న మంచి చిప్పు, నేను ఎవరికైనా సిఫారసు చేసేదీ అదే. కానీ రీడరు యూఐడీ మాత్రమే చదివే సెట్టింగులో ఉంటే, డెస్‌ఫైర్ కూడా ఈఎం కార్డే. బంగారు బిందె కొని బావి దగ్గర ప్లాస్టిక్ చెంబుతో తోడుకున్నట్టు.

మీ దగ్గర ఏం జరుగుతోందో తేల్చుకోవడానికి వెండరును అడగనక్కర్లేదు. హైదరాబాద్ వెళ్లొచ్చినవాళ్ల పర్సులో మెట్రో కార్డు ఉంటుంది. దాన్ని మీ రీడరుకు చూపించి, సాఫ్ట్‌వేర్‌లో లాగ్, అంటే రాకపోకల నమోదు, తెరవండి. “తెలియని కార్డు” అంటూ ఏదైనా నంబరు నమోదైతే మీ రీడరు ఎవరి నంబరైనా చదివే రకం. తలుపు తెరవలేదు కదా అని సంతోషించొద్దు, ఆ నంబరును జాబితాలో చేరిస్తే రేపు తెరుస్తుంది. సరిగ్గా అమర్చిన ఏఈఎస్ రీడరయితే, తనకు తెలిసిన అప్లికేషనూ, కీ లేని కార్డును అసలు కార్డుగానే లెక్కచేయదు. లాగ్‌లో నంబరు రాదు. ఆండ్రాయిడ్ ఫోనుతో చూసినా కొంత తెలుస్తుంది. ఎన్ఎఫ్‌సీలో (ఫోనును మెషీనుకు ఆనించి డబ్బు కట్టే పద్ధతి) ఫోను సాధారణంగా ప్రతిసారీ కొత్త యూఐడీ ఇస్తుంది, 08తో మొదలయ్యేది. లాగ్‌లో చూపిన ప్రతిసారీ వేరే నంబరు పడిందంటే రీడరు గుడ్డిగా యూఐడీ మింగుతోందన్నమాట.

ఇక్కడ ఒక న్యాయమైన ఎదురు ప్రశ్న ఉంది. ద్వారకానగర్‌లో మూడో అంతస్తులో పాతిక మంది పనిచేసే ఆఫీసు కార్డుకు నకలు ఎవడు చేస్తాడు? నిజమే, ఎవడూ చేయడు. అంత కష్టం అక్కర్లేదు కాబట్టి.

అలాంటి ఆఫీసుల తలుపు పక్కన ఉండేది ఒట్టి రీడరు కాదు. కీప్యాడూ, కార్డు రీడరూ, కంట్రోలరూ, లాక్‌కు కరెంటు ఇచ్చీ ఆపీ నడిపే రిలే అన్నీ ఒకే డబ్బాలో ఉన్న స్టాండలోన్ పరికరం. అది ఉండేది తలుపు బయట, లిఫ్టు ఎదురుగా. డబ్బా కింద ఒకే ఒక స్క్రూ. దాన్ని విప్పి పైకి జరిపితే వెనక పలక నుంచి ఊడి వస్తుంది, కనెక్టరులో రంగురంగుల తీగలు. వాటిలో ఎన్ఓ, కామన్, ఎన్సీ అనే మూడు లాక్‌వి, మరొకటి లోపలి ఎగ్జిట్ స్విచ్‌ది. ఎగ్జిట్ స్విచ్ తీగను గ్రౌండుకు తాకిస్తే, లోపలివాళ్లు బటన్ నొక్కినట్టే లెక్క. లాగ్‌లో కూడా “ఎగ్జిట్ బటన్” అనే పడుతుంది. కార్డు లేదు, పిన్ లేదు, పేరు లేదు. ఇలాంటి పరికరం మీద ఏ కార్డు వాడారన్నది అనవసర చర్చ.

దీనికి మందు ఖరీదైనది కాదు. రిలేను తలుపు లోపలికి మార్చాలి. చాలా కంపెనీలు తమ పరికరానికి జతగా చిన్న సెక్యూరిటీ రిలే మాడ్యూలు అమ్ముతాయి. బయటి డబ్బా “తెరువు” అన్న మాటను కోడ్ చేసి పంపుతుంది, లోపల ఫాల్స్ సీలింగ్ పైనున్న మాడ్యూలు దాన్ని అర్థం చేసుకుని లాక్‌కు కరెంటు ఆపుతుంది, తలుపు తెరుచుకుంటుంది. లాక్ తీగలూ, ఎగ్జిట్ స్విచ్ తీగలూ లోపలే ఆ మాడ్యూలుకు వెళ్తాయి. బయటి డబ్బాను పీకి పట్టుకెళ్లినా తలుపు కదలదు. కొటేషన్‌లో ఈ ఒక్క లైను కోసం గట్టిగా పట్టుబట్టండి. డబ్బులు ఒకే దానికి సరిపోతే, కార్డులు మార్చడం కంటే ముందు ఇదే చేయమంటాను.

పెద్ద ఆఫీసుల్లో రీడరు బయట, కంట్రోలరు లోపల ఉంటాయి కాబట్టి ఈ బాధ తగ్గుతుంది. కానీ రెంటి మధ్య తీగ ఉంటుంది కదా. పాత పద్ధతి వీగాండ్. ఎరుపు 12 వోల్టులు, నలుపు గ్రౌండు, ఆకుపచ్చ డేటా సున్నా, తెలుపు డేటా ఒకటి. నంబరులో సున్నా ఉంటే ఆకుపచ్చ తీగ మీద, ఒకటి ఉంటే తెల్ల తీగ మీద ఓ చిన్న పల్స్. తాళం వేయని ఉత్తరం అది. మధ్యలో బిళ్లంత సర్క్యూట్ బోర్డు తగిలించి నంబర్లన్నీ దాచుకుని, తర్వాత తిరిగి వల్లించవచ్చని పదేళ్ల కిందటే భద్రతా సదస్సుల్లో చూపించారు. దాని బదులు రీడరూ కంట్రోలరూ మాట్లాడుకునే కొత్త పద్ధతి, ఓఎస్‌డీపీ అడగండి. ఆర్ఎస్-485 రకం తీగల మీద రెండు వైపులా మాట్లాడుతుంది, ఏఈఎస్‌తో దాచి పంపుతుంది, రీడరును ఎవరైనా పీకితే కంట్రోలరుకు వెంటనే తెలుస్తుంది. 2020 నుంచి అది అంతర్జాతీయ ప్రమాణం కూడా. అయితే సెక్యూర్ ఛానల్ ఆన్ చేయకుండా, లేదా అందరికీ తెలిసిన ఇన్‌స్టాల్ కీనే వదిలేసి “ఓఎస్‌డీపీ పెట్టాం సార్” అంటే ఒప్పుకోవద్దు.

వీగాండ్‌లో తరచూ దొర్లే పొరపాటు ఒకటి చెప్పాలి, ఎందుకంటే దాన్ని కార్డుల మీదకు తోసేసి కొత్త కార్డులు అంటగడతారు. ఆకుపచ్చ, తెలుపు తీగలు తారుమారైతే రీడరు బీప్ అంటుంది, లైటు వెలుగుతుంది, తలుపు మాత్రం తెరుచుకోదు. ప్రతి బిట్టూ తిరగబడుతుంది కాబట్టి 188,24910 కాస్తా 67,40625 అవుతుంది. 255లోంచి 188, 65,535లోంచి 24,910 తీసేసి చూడండి. పారిటీ చూసే కంట్రోలరయితే దాన్ని చెత్తబుట్టలో వేస్తుంది, చూడనిదయితే తెలియని కార్డని రాసుకుంటుంది. లాగ్‌లో మీ కార్డు నంబరుకు ఇలా పూరకంగా ఉన్న అంకె కనిపిస్తే, కార్డు మార్చక్కర్లేదు, రెండు తీగలు అటూ ఇటూ మార్చితే సరి. ఒక్కోసారి చదివి ఒక్కోసారి చదవకపోతే మాత్రం రీడరు అడాప్టరు గ్రౌండునూ, కంట్రోలరు గ్రౌండునూ కలపలేదేమో చూడాలి. ఇనప చట్రానికి నేరుగా బిగించిన రీడరయితే లోహం క్షేత్రాన్ని మింగేస్తుంది. రీడరు వెనక ఓ సెంటీమీటరు మందాన ప్లాస్టిక్ పలక వేస్తే రేంజి కొంత తిరిగొస్తుంది. పర్సులో ఆఫీసు స్మార్ట్ కార్డు పక్కనే బ్యాంకు కార్డు పెట్టుకుని రీడరును తిట్టేవాళ్లకు చెప్పేదేముంది, రెండూ ఒకేసారి మాట్లాడితే ఎవరికి వినపడుతుంది?

ఇక లాక్ సంగతి. మన ఊళ్లో ఎక్కువ శ్రద్ధ అవసరమైనదీ, తక్కువ దక్కేదీ దీనికే.

గ్లాసు తలుపు పైన వేలాడే పొడుగాటి అల్యూమినియం పెట్టె, మ్యాగ్నెట్ లాక్. సాధారణంగా దొరికేవి 280 కిలోల పట్టున్నది, 545 కిలోల పట్టున్నది. 280 కిలోలది 12 వోల్టుల మీద దాదాపు అర ఆంపియరు తాగుతుంది. ఇప్పుడు కంట్రోలరు సర్వర్ గదిలో, తలుపు 30 మీటర్ల దూరంలో ఉన్నాయనుకుందాం. కేబుల్ లాగే కుర్రాడి చేతిలో క్యాట్-5ఈ నెట్‌వర్క్ కేబుల్ చుట్ట ఉంది, అందులోంచి ఒక జత తీగలు లాక్‌కు ఇచ్చేస్తాడు. ఆ సన్న తీగ నిరోధం మీటరుకు సుమారు 0.084 ఓమ్‌లు. పోను 30, రాను 30, కలిపి 60 మీటర్లకు 5 ఓమ్‌లు. లాక్ చుట్ట నిరోధం 24 ఓమ్‌లు. లెక్క కడితే లాక్ దగ్గరకు చేరేది 10 వోల్టుల లోపే, కరెంటు 0.41 ఆంపియర్లు. పట్టు కరెంటు వర్గాన్ని అనుసరించి పడిపోతుంది కాబట్టి మూడో వంతు బలం తీగలోనే ఆవిరైపోయింది. తలుపు మూసుకునే ఉంటుంది, లైటు పచ్చగానే ఉంటుంది, గట్టిగా భుజంతో నెడితే ఊడొస్తుంది. అదే దూరానికి 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేస్తే నష్టం అర వోల్టు కూడా ఉండదు.

పట్టును తినేసే రెండో శత్రువు సందు. లాక్ ముఖానికీ, తలుపు మీది ఇనప పలకకూ మధ్య కాగితమంత ఎడమున్నా బలం బాగా తగ్గిపోతుంది. పలక వెనక నడిమధ్యన రబ్బరు వాషరు ఉంటుంది, పలక కాస్త ఊగి లాక్‌కు తనంతట తాను అతుక్కోవడానికి. “గట్టిగా ఉండాలి కదా” అని ఆ బోల్టును బిగదీసేస్తారు. పలక ఊగదు, ఒక అంచే తాకుతుంది. బీచ్ రోడ్డు, లాసన్స్ బే, రుషికొండ వైపు దీనికి ఉప్పు గాలి తోడవుతుంది. పలక మీది పూత లేచి తుప్పు పట్టి, ఆ తుప్పే సందు అవుతుంది. దాన్ని ఎమరీ కాగితంతో రుద్దడం మన అలవాటు, దాంతో మిగిలిన పూతా పోయి నెలలో మళ్లీ తుప్పు. మెత్తటి పొడి గుడ్డతో నెలకోసారి తుడవడం, పూత లేచిన పలకను మార్చడం తప్ప దారి లేదు. సముద్రం వైపున్న బయటి రీడర్లకు కూడా తీగలు మెలేసి టేపు చుట్టడం పనికిరాదు. లోపల గ్రీజు నింపిన క్రింప్ కనెక్టర్లు వాడాలి. టేపు కింద పచ్చగా చిలుం పట్టిన రాగి తీగే “రీడరు పోయింది సార్” అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం.

లాక్‌కు కరెంటు ఆపినప్పుడు చుట్టలోంచి ఎదురు వోల్టేజి తన్ని రిలే కాంటాక్టులను కాల్చేస్తుంది. 1ఎన్4007 డయోడు ఒకటి, గీత ఉన్న వైపు ప్లస్‌కు వచ్చేట్టు, లాక్ తీగల మధ్య పెట్టాలి. రూపాయల్లో దొరికే వస్తువు. అది లేకనే ఏడాది తిరిగేసరికి రిలే అతుక్కుపోతుంది.

మ్యాగ్నెట్ లాక్‌కు ప్రాణం కరెంటు. కరెంటు పోతే తలుపు తెరుచుకుంటుంది, మనుషుల ప్రాణం కోసం అలాగే ఉండాలి కూడా. అందుకే వెనక 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ పెడతారు. లాక్ 0.5, కంట్రోలరు 0.2, రెండు రీడర్లు 0.2, మొత్తం 0.9 ఆంపియర్లు. భాగిస్తే ఏడున్నర గంటలు దాటుతుంది, కానీ ఆ బ్యాటరీ రేటింగు చిన్న కరెంటును 20 గంటల పాటు లాగితే వచ్చేది. ఈ లోడుకు కొత్తదయితే ఆరు గంటలనుకోండి, మూడేళ్ల పాతదయితే సగమే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తాకాక విశాఖలో కరెంటు రోజుల తరబడి లేదు. అలాంటి రోజున ఊళ్లోని మ్యాగ్నెట్ లాకులన్నీ మొదటి రాత్రి గడవకముందే చేతులెత్తేస్తాయి. కాబట్టి రోలింగ్ షట్టరూ, దాని ఇనప తాళమూ తీసేయకండి. సర్వర్ గది, క్యాష్ గది లాంటి వాటికి కరెంటు పోయినా మూసే ఉండి, లోపలి నుంచి మాత్రం పిడి తిప్పితే తెరుచుకునే ఎలక్ట్రిక్ స్ట్రైక్ రకం వాడాలి.

లోపలి నుంచి బయటపడటం గురించి మాత్రం బేరం లేదు. ఎగ్జిట్ స్విచ్‌ను కంట్రోలరుకు మాత్రమే కలిపి చేతులు దులుపుకుంటారు. కంట్రోలరు హ్యాంగయిందంటే బటన్ ఎంత నొక్కినా తలుపు తెరుచుకోదు. అందుకే ఆకుపచ్చ బ్రేక్ గ్లాస్ డబ్బా ఉండాలి, అదీ లాక్‌కు వెళ్లే ప్లస్ తీగ దాని గుండానే పోయేట్టు. గ్లాసు నొక్కగానే తీగ తెగినట్టే, కంట్రోలరు ఒప్పుకోనక్కర్లేదు. ఫైర్ అలారం ప్యానెల్ రిలే కూడా అదే తీగలో వరసగా రావాలి. నిష్క్రమణ ద్వారం లోపలి వైపు నుంచి తాళం చెవి లేకుండా తెరుచుకోవాలని జాతీయ నిర్మాణ నియమావళి 2016 చెబుతోంది. బయటికెళ్లడానికీ కార్డు చూపించాలని పెట్టినచోట ఈ బ్రేక్ గ్లాస్ లేకపోతే అది ఆఫీసు కాదు, బోను. పరవాడ, అచ్యుతాపురం ఫార్మా యూనిట్ల వైపు ఇంకో జాగ్రత్త: ద్రావకాల ఆవిరి ఉండే చోట మామూలు రీడరూ, మామూలు రిలే పెట్టకూడదు. అక్కడ పేలుడు ప్రమాదం ఉన్న జోన్లకు ధ్రువీకరించిన పరికరాలే వాడాలి, లేదా రీడరును ఆ జోను బయటికి జరపాలి.

ఇంత చేశాక కూడా తలుపును ఓడించేది మన మర్యాదే. ముందువాడు కార్డు కొడతాడు, వెనకొచ్చేవాళ్ల కోసం తలుపు పట్టుకుంటాడు. మొహం మీద తలుపు వేయడం మనకు చేతకాదు, చేతకావాలని నేను కోరను కూడా. గేటు దగ్గర గార్డు పరిస్థితి ఇంకా ఇరకాటం. “సార్, కార్డు కొట్టి వెళ్లండి” అంటే మేనేజరుకు కోపం, అనకపోతే ఏజెన్సీకి ఫిర్యాదు. తలుపు దగ్గర మర్యాదను మార్చే బదులు జనం ఎక్కువగా ఉండే చోట ట్రైపాడ్ గేటు పెట్టడం మేలు, అది ఒక్కొక్కరినే పంపుతుంది. కానీ లెక్క వేసుకోవాలి. నిమిషానికి 20 మంది చొప్పున మూడు గేట్లుంటే షిఫ్టు మారేటప్పుడు 600 మందికి 10 నిమిషాలు. ఆ 10 నిమిషాల ఆలస్యానికి జీతం కోస్తే, పదకొండో రోజు ఎవడో ఒకడు గేటు చేతిని విరిచేస్తాడు. కరెంటు పోతే ఆ చెయ్యి దానంతట అదే కిందికి వాలే రకమే కొనాలి.

జీతం మాట వచ్చింది కాబట్టి: నా దృష్టిలో మన ఆఫీసులు చేసే పెద్ద తప్పు చవక కార్డు కొనడం కాదు, తలుపు కార్డునే హాజరు కార్డు చేయడం. పంచ్ కొడితేనే జీతం అన్నాక కార్డు విలువ తలుపు దగ్గర కాదు, హెచ్ఆర్ దగ్గర. బస్సు ఆలస్యమైన మిత్రుడి కార్డు నేను కొడతాను, రేపు నా కార్డు అతను కొడతాడు. ఇందులో ఎవరికీ దొంగతనం చేస్తున్నామన్న భావన ఉండదు, సాయం చేసుకుంటున్నామనే అనుకుంటారు. ఫలితంగా లాగ్ మొత్తం అబద్ధం. అగ్నిప్రమాదం జరిగి లోపల ఎవరెవరున్నారో చూడాలంటే, ఆ జాబితాలో ఇంటి దగ్గర నిద్రపోతున్నవాడి పేరు ఉంటుంది, లోపల చిక్కుకున్న కాంట్రాక్టు కూలీ పేరు ఉండదు. దీనికి వేలిముద్రే మందంటారు కొందరు. రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్లలో ఐసులో నాని అరిగిపోయిన వేళ్లకు ఆ మెషీన్ పనిచేయదని అక్కడ పనిచేసే ఏ అమ్మాయిని అడిగినా చెబుతుంది. కార్డే నయం, కాకపోతే ఆలస్యానికి కోత అన్న లంకెను తెంచేయాలి. పైగా ఎవరు ఎన్నింటికి ఎక్కడున్నారన్నది వ్యక్తిగత సమాచారం, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కిందకు వచ్చేదే. వేలిముద్ర లీకైతే వేలు మార్చుకోలేం, కార్డు మార్చుకోవచ్చు.

కాంట్రాక్టు మనుషుల కార్డులకు గడువు తేదీ కార్డు ఇచ్చిన రోజే సాఫ్ట్‌వేర్‌లో వేయాలి, వర్క్ ఆర్డర్ ముగిసే రోజుకు. వెనక్కి తీసుకున్నాక రద్దు చేద్దామనుకుంటే ఆ రోజు రాదు. నెట్‌వర్క్‌కు కలపని స్టాండలోన్ డబ్బాలుంటే ఒక్కో తలుపు దగ్గరకూ వెళ్లి ఆ నంబరు తీసేయాలి. ఏడు తలుపుల్లో ఆరింట్లోనే తీస్తారు. గార్డు రూమ్‌లో మేకుకు వేలాడే, కొత్త కార్డుల్ని చేర్చే మాస్టర్ కార్డును మాత్రం ఇవాళే తీసేయండి.

పాత ఈఎం నుంచి డెస్‌ఫైర్‌కు మారాలనుకునేవాళ్లు రెండూ చదివే రీడర్లు వేసుకుని, కార్డులు విడతలవారీగా మార్చవచ్చు. అసలు మెలిక చివర్లో ఉంది. ఆఖరి కార్డు ఇచ్చిన రోజే రీడర్లలో 125 కిలోహెర్ట్జ్ ఆపేయాలి. ఆపకపోతే కొత్త కార్డులకు ఖర్చంతా పెట్టి పాత కన్నం తెరిచే ఉంచినట్టు. ఏఈఎస్ కీ ఎవరి దగ్గర ఉంటుందో పర్చేజ్ ఆర్డర్‌లోనే రాయించండి. వెండరు దగ్గరే ఉంటే, ఏఎంసీ (ఏడాది నిర్వహణ కాంట్రాక్టు) మార్చిన రోజు మీ కార్డులన్నీ అతని కార్డులు. కీని రెండు ముక్కలు చేసి, అడ్మిన్ దగ్గర ఒకటి, ఐటీ దగ్గర ఒకటి సీలు వేసిన కవర్లలో ఉంచడం పాత పద్ధతే అయినా బాగా పనిచేస్తుంది. డెస్‌ఫైర్ ఫ్యాక్టరీ కీ అన్నీ సున్నాలు, అది మారిందో లేదో ఒక కార్డు తీసుకుని మీ ఎదురుగానే పరీక్షించమనండి.

పని పూర్తయిందని సంతకం పెట్టించుకోవడానికి వచ్చిన సాయంత్రం మెయిన్ స్విచ్ ఆపించి, ఫోనులో గడియారం పెట్టండి. బ్యాటరీ మీద లాక్ ఎంతసేపు నిలబడిందో, ఎప్పుడు వదిలిందో ఆ సమయాన్ని హ్యాండోవర్ కాగితం మీద వాళ్ల చేతే రాయించుకోండి. మధ్యలో బ్రేక్ గ్లాస్ ఒకసారి నొక్కి చూడండి. మళ్లీ సెట్ చేసే ప్లాస్టిక్ తాళం చెవి డబ్బాతోనే వస్తుంది, సాధారణంగా ఇన్‌స్టాలర్ జేబులోనే వెళ్లిపోతుంది. అడిగి తీసుకోండి.